ఆరు ఎమ్మెమ్

రాణిగంజ్‌ల బేరింగుల దుకాణంల
ఇరవై రెండేండ్ల సంది గుమాస్తాను.
కండ్లు మూసుకోని గోళీని వేళ్ల నడుమ దొర్లిస్తే చాలు,
అయిదా, ఆరా, ఆరున్నరా చెప్త.
కాంతిలాల్ సేఠ్ వెర్నియర్ పెట్టి చూసి
మీసాలల్ల నవ్వుకునేటోడు.

అందుకే డాక్టరమ్మ "ఆరు ఎమ్మెమ్" అన్నప్పుడు
నా వేళ్లు వాటంతటవే దొర్లించినయి,
ఉత్త గాలిని.

మొలలనుకున్న మొదట.
మూడు నెలలు ఎవ్వలికి చెప్పలే.
ఏ నోటితోని చెప్పాలె ఆ జాగ పేరు?
సుగుణకు గూడ కడుపుల నొప్పి అనే చెప్పిన.
నారాయణగూడల ఓ చిన్న దవాఖాన,
కెమెరా దించి చూస్తే
నున్నగ, పసుపుపచ్చగ ఒక బుడిపె.
పనిల పనిగ తీగ వేసి తెంపిండ్రు.
ఏం కాదు, ఇంటికి పో అన్నరు.

పది రోజులకు కాయితం వచ్చింది.
న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్.
న్యూరో అంటే తలకాయ గదా,
గిక్కడికెట్ల దిగింది?
కింద ఇంకో వరుస:
అంచుల కణాలు మిగిలినయి.

ఆ వరుసకు ఎవ్వలు అర్థం చెప్పనక్కర్లే.
అంచు సంగతి నాకెర్క.
పది మైక్రాన్లు ఎక్కువైతే షాఫ్టు దూరది,
పది తక్కువైతే
మిషిన్ మొత్తం వణుకుతది.

ఆ రాత్రి చిలకలగూడ కిరాయింట్ల
ఇంజన్లు డబ్బాలను గుద్దుకునే చప్పుడు వినుకుంట పండుకున్న.
లైటెయ్యకుండనే సుగుణ అడిగింది,
"కడుపు కాదు గదా?"
మా అమ్మ తిట్లల్ల వాడే మోటు మాటతోనే
ఆ జాగ పేరు చెప్పేసిన.
నవ్వింది.
చాలాసేపు నవ్వి, తర్వాత అటు తిరిగింది.

పెద్ద దవాఖానల డాక్టర్ నుస్రత్
తెల్ల కాయితం మీద పొరలు గీసి చూపింది.
లోపలి నుంచే స్కానింగ్ చేసిన,
కండ దాక పోలే, గడ్డలు లేవు.
కీ అరవై ఏడు ఒక శాతం, గ్రేడు ఒకటి.
"క్యాన్సర్ జాతిదే, కానీ తొందర లేనిది" అన్నది.
మచ్చ కిందికి నీలం నీళ్లు ఎక్కిచ్చి, పొంగిచ్చి,
చుట్టు గీసి, పొరను ఒలిచి తీసిండ్రు.
ఈసారి కాయితంల అంచులు ఖాళీ.
ఇట్లాంటోళ్లల్ల
వందకు తొంభై ఎనిమిది మంది అయిదేండ్లు దాటుతరట.
ఇద్దరి గురించి నేను అడగలే, ఆమె చెప్పలే.

బయట నా పక్క కుర్చీల
కొత్తకోట లారీ డ్రైవరు, మెడకు ఎర్ర తువ్వాల.
ఆయన గూడ మొలలనే అనుకున్నడట, రెండేండ్లు.
"నాది ఇరవై నాలుగు," అన్నడు,
బండి నంబర్ చెప్పినట్టు.
కాలేయం దాక పోయిందట, నెలకొక సూది.
"నీదెంత?"

నేను నా ఆరును
జేబుల దాచుకున్నట్టు
"చిన్నదే అన్నా" అన్న.
పేరడగక ముందే ఆయన టోకెన్ పిలిచిండ్రు.

దుకాణానికి మళ్ల పోతున్న.
ఆరు ఎమ్మెమ్ గోళీలు కిలోలల్ల తూస్త,
చెయ్యి వణకది.
ఎవరన్న ఇరవై నాలుగు అడిగితేనే
అరచేతిల కొంచెం సేపు ఆపుకుంట.
నాలుగింతలే కదా అనుకుంటరు కొత్తోళ్లు.
అడ్డం నాలుగింతలు,
బరువు
అరవై నాలుగింతలు.