తీర్పుకు

ఇరవై ఆరేళ్లుగా చిత్తూరు కోర్టు వరండాలో
పేర్లు పిలిచే గొంతు నాది. మనిషికి మూడు కేకలు.
మొగిలమ్మకు ఒక్కటి చాలు,
రెండోది నా నోట్లో ఉండగానే గడప దగ్గరుంటుంది,
చెప్పులు చేతబట్టుకొని.

ఓ.ఎస్. రెండువందల పద్నాలుగు.
బంగారుపాళ్యం పక్కన ఆమె మామిడితోటకు
తొమ్మిదడుగుల బండిబాట,
దానికడ్డంగా మరిది నాటిన రాతికూసాలు.
పదకొండేళ్లుగా కాయ గంపల్లోనే రోడ్డెక్కుతోంది,
ఆమె నెత్తిమీద, కూలోళ్ల నెత్తిమీద.

పూత నిండుగా ఉన్నప్పుడు వాదనలు ముగిసినాయి.
"తీర్పుకు" అని డైరీలో రాసుకున్నారు జడ్జమ్మ.
ముప్పై రోజుల్లో చెప్పాలమ్మా, చట్టంలో ఉంది,
మరీ కాకుంటే అరవై,
అని మొగిలమ్మ చెవిన వేసింది నేనే.
నోరు కట్టుకోవాల్సింది.

ముప్పయ్యో రోజు వచ్చింది. తోటలో పిందె.
అరవయ్యో రోజు వచ్చింది. టెంక గట్టిపడింది.
అరవై ఒకటోనాడు కూడా వచ్చి
"నిన్న లెక్క తప్పినానా నాయినా" అనడిగింది,
తప్పు తనదేనేమో అన్నట్టు.

లోపలి సంగతి నాకు తెలుసు.
స్టెనో కుర్చీ ఏడాదిగా ఖాళీ.
ఫైళ్లు బీరువా దాటి కిటికీని మూసేసినాయి.
జడ్జమ్మ టిఫిన్ డబ్బా
తెచ్చిన బరువుతోనే తిరిగిపోతుంది చాలా రోజులు.
ఇవి కూడా మొగిలమ్మకు చెప్పొచ్చు.
చెబితే బాట తెరుచుకుంటుందా?

మే నెల కోర్టుకు సెలవులు. తోతాపురికి లేవు.
గుజ్జు ఫ్యాక్టరీవాడు టోకెనిచ్చినాడు,
రెండు రోజుల్లో కాయ దించాల, లేకుంటే చెల్లదు.
గడువు దాటిన తీర్పు మాత్రం చెల్లుతుంది.
గంపలు ఎంత ఉరుకులు పెట్టినా
టోకెనే ముందు చచ్చింది.
మిగిలిన కాయ పశువులు తిన్నాయి.

నూట ముప్పయ్యో రోజున తీర్పు.
నాలుగు నిమిషాలు. బాట ఆమెదే.
నేను బయటికొచ్చేసరికి
"మళ్లీ వాయిదా ఎప్పుడు?" అంది మొగిలమ్మ.
"గెలిచినావమ్మా. ఇంక వాయిదాల్లేవు."
ఆ మాటకు అర్థం వెతుక్కుంటున్నట్టు
చెప్పులు కింద పెట్టి, మళ్లీ చేతికి తీసుకుంది.
"కూసాలు రేపు పీకొచ్చునా?"
"నకలు రావాల. అర్జీ పెట్టుకో."
"ఎన్నాళ్లు పడుతుంది?"

ఈసారి నేను అంకె చెప్పలేదు.
తరువాతి పేరు పిలవడానికి పోయినాను.
మూడు కేకలేసినా ఎవరూ రాలేదు.