చీమల పంచనామా

నా చేతిరాత గుండ్రంగ ఉంటదని
ఠాణాల పంచనామాలన్నీ నాకే.
పదకొండేండ్లు, నర్సంపేట ఆబ్కారీల.
లాఠీ పట్టింది తక్కువ,
కార్బన్ పేపరు పట్టింది ఎక్కువ.

తెల్లారగట్ల నాలుగున్నర.
పాకాల దారిల జీపు లైట్లు బంద్ చేసి
వాసన పట్టుకొని నడుస్తం.
కుక్కలకు మేమెవరమో ఎరుకే,
మొరిగి మొరిగి తండాకు చెప్తయి.
మేం చేరేసరికి పొయ్యుంటది, నిప్పుంటది,
ఊదినోళ్లుండరు.

మొన్న మాత్రం ధరావత్ కేళి ఉరకలే.
మోకాళ్ల నొప్పులట.
కుండ పక్కన్నే కూసొని
కొంగుతోటి చెమట తుడుసుకుంట
"జర ఆగున్రి, మంట ఆర్పనీ" అన్నది
ఇంటికొచ్చిన చుట్టాలకు చెప్పినట్టు.

మూడు కుండలకు సి.ఐ. సారు కర్ర మూడు దెబ్బలు.
నీలం డ్రమ్మును నేనే తన్నిన.
నూట ఎనభై లీటర్ల బెల్లం పానకం
ఇసుకల, తుమ్మ వేర్లల్ల, నా బూట్లల్ల.
"మా సమక్షంలో ధ్వంసం చేయడమైనది" అని రాసిన.
సాక్షి మేకల ఓదెలు, వయసు యాభై రెండు, వృత్తి కూలి.
ప్రతి కేసుల అదే బొటనవేలు, అదే నీలి సిరా.
సంతకం నేర్పిస్తనంటే నవ్విండు:
"నేర్సుకుంటే నువ్వు రాసింది సదవాల్సొస్తది గద సారూ."

కేళి పెంకులు ఏరుకుంట అడిగింది:
"కుమ్మరాయనకు ఇంక పైసలియ్యలే.
ఆ బాకీ ఎవల మీద రాస్తవు బిడ్డా?"
ఫారంల ఆ గడి లేదు.

మాకు శానా పవరుందనుకుంటరు ఊళ్లె.
ఉన్నది.
తలుపు తీయించొచ్చు, సంచి విప్పించొచ్చు,
తహసీల్దారు ముందట నిలవెట్టి
ఏడాది బుద్ధిగుంటనని బైండోవర్ రాయించొచ్చు.
నిరుడు కాజీపేట టేషన్ల
గోధుమరంగు టేపు చుట్టిన పొట్లాలను
కిరాణా కొట్టు కాంటా తెప్పించి తూచినం.
ముల్లు ఇరవై కాడ ఆగినట్టే ఆగి దాటింది.
ఇరవై రెండు కిలోల మూడు వందల గ్రాములు.
మోసిన పోరనికి పంతొమ్మిదేండ్లు.
ఎవరిచ్చిండ్రో తెల్వదు, ఎవరికో తెల్వదు,
"బోగీ నంబరొక్కటే చెప్పిండ్రు సార్."
కాంటా వాపసిచ్చేటప్పుడు కొట్టాయన అడిగిండు,
దీని మీద మళ్ల చింతపండు తూచొచ్చా అని.

అదే టేషను బయట పాన్‌డబ్బాకు
తోరణం లెక్క గుట్కా పాకిట్లు.
అది మా శాఖ కాదు, ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌ది.
ఆయన లీవుల ఉన్నడు.
నేనొక తమలపాకు కట్టించుకొని నమిలిన.

ఇగ హనుమకొండ ఫంక్షన్ హాల్ల
కొత్త వైన్ షాపులకు లక్కీ డ్రా. బందోబస్తు మాదే.
చీటి తగిలినాయన మెడల బంతిపూల దండ,
మా సారు ఆయన చెయ్యి కలిపిండు,
కర్ర పట్టిన చెయ్యితోటే.
తప్పంటలేను. జీతం ఆ డబ్బాలకెళ్లే వస్తది.
ఆ ఫైలూ కేళి ఫైలూ ఒక్క బీరువాల్నే ఉంటయి,
చెవి నా దగ్గరే.

రాత్రి బూట్లు గడప బయట ఇడుస్తనా,
చీమలు.
ఎక్కడికెళ్లి వస్తయో,
గోడ దిగి, మెట్లెక్కి, వారెంటు లేకుంట
కుట్ల సందులల్ల దూరి సోదా చేస్తయి.
మా కోమల పసుపు చల్లుతది, నన్నే తిడతది.
పొద్దుగాల దులిపితే కొన్ని రాల్తయి, కొన్ని కరుస్తయి.
నాకంటిన తీపి ఎంతో
వాటికేదో లెక్కున్నట్టుంది,
లీటర్లల్ల మాత్రం కాదు.

ఇయ్యాల మళ్ల నాలుగున్నరకే జీపు.
దారిల కుమ్మరాయన ఇల్లు.
ఆవంల కెళ్లి తీసిన కొత్త కుండలు
వాకిట్ల బోర్లించి ఉన్నయి, ఇంకా వేడారనట్టు.
"ఆపకు" అన్నడు సారు డ్రైవరుతోటి.
నేనూ ఆపుమనలే.
లెక్కవెట్టిన, అంతే.