ఫారం నింపెటందుకు వచ్చినాయన

ఆగాపురల మా కొట్టు ముందర బండి ఆపి
హెల్మెట్ల నుంచే అడిగిండు: "ఇది పరిశ్రమేనా?"

ఏమో సార్.
పొద్దుగాల ఎనిమిదింటికి షట్టర్ లేస్తది,
అది లేసినప్పుడల్లా పక్క గోడ మీది పావురాలు లేస్తయి.
దాన్ని ఏమంటరో మీరే రాసుకోండ్రి.

కూసోండ్రి. ఆ కుర్చీ ప్లాస్టిక్‌ది, నవ్వకుండ్రి.
కర్రతోని చేసినయన్నీ అమ్మకానికే.

"పనోళ్లెంతమంది?"
నేను, వడ్ల సోమాచారిని. ఒకటి.
పాలిష్ పట్టే రజియాబీ, పూట పనికి. సగం రాయొచ్చా?
బికనేర్ భన్వర్‌లాల్
హోలీకి ఊరికి పోయిండు, రందా ఇక్కడే ఉన్నది.
రందా ఉన్నదంటే మనిషి వస్తడనే మా లెక్క.
మీ లెక్కల ఎట్లనో.
మా నాయన కూడ. చనిపోయి తొమ్మిదేండ్లు.
ఆయన గీసిన కొలతలు ఆ గోడ మీద ఉన్నయి,
సున్నం ఎయ్యనియ్యలే.
ఇప్పటికీ డబుల్ కాట్ అంటే ఆ గోడనే అడుగుత.

"ముడిసరుకు?"
ఒకప్పుడు ఆదిలాబాద్ టేకు.
కోస్తే తోలు వాసన, నూనె వాసన,
చేతులు కడుక్కున్నా అన్నంల తగిలేది.
ఇప్పుడు ఏదో సముద్రం అవతలిది.
పేరదే. రంగు పచ్చిపాల తీరు.
ఉలి పెడితే ఎదురుచెప్పదు.
ఎదురుచెప్పని కర్రను నమ్మొద్దనేటోడు నాయన.

అన్నిటికంటె ఎక్కువ నడిచేది మాత్రం పొట్టు.
నిజం సార్.
మేం నలభై ఏండ్లు ఊడ్చి బస్తాలకెత్తి
కోళ్లఫారాలకు ఇచ్చిన పొట్టే
ఎక్కడో జిగురు తాగి, అద్దమోలె ముఖం తొడుక్కొని
అట్టపెట్టెల పండుకొని తిరిగొస్తున్నది.
వంకర తాళంచెవి ఒకటి, మరలు ఇరువై నాలుగు,
బొమ్మలేసిన కాగితం.
కాగితంల బొమ్మమనిషి ఒక్కడే బిగిస్తడు, నవ్వుకుంట.
వానికి చాయ్ కూడ పొయ్యక్కరలేదు.

"వ్యాపారం తగ్గిందా, పెరిగిందా?"
తగ్గిందని రాయకుండ్రి.
వానలు పడంగనే మణికొండ పదమూడో అంతస్తుల
అల్మారాలు ఉబ్బుతయి.
ఆటోల పండబెట్టుకొని తెస్తరు, దవాఖానకు తెచ్చినట్టు.
మేకు కొడితే చాయ్‌ల ముంచిన ఉస్మానియా బిస్కట్టే.
అంచులకు నా కర్ర పట్టీ వేసి పంపిస్త.
బయట వాళ్ల పేరు, లోపల నా కుసి.
ఇది ఉత్పత్తా, రిపేరా?

"ఇతరములు" అన్నడాయన. కాలమ్ పదకొండు.

కొంచెంసేపు ఇద్దరం మాట్లాడలే.
ఎదురుంగ కోత మిషిన్ ఒక దుంగను పట్టుకొని ఒర్లుతాంది.
తర్వాత పెన్ను మూసి, గొంతు తగ్గించి,
బిడ్డకు రాసుకునే బల్ల ఒకటి కావాల్నన్నడు, చిన్నది.
ధర చెప్పిన.
ఫోన్ తీసి చూపించిండు. నారింజ రంగుది,
రేపే వస్తదట, నాలుగు నెలలు కట్టుకోవచ్చట.
ఆ పైసలు నా బల్ల కాళ్లకు కూడ సాలవు.
ఆ మాట అనలే.
"బిడ్డ ఎత్తెంత?" అని అడిగిన.
చెయ్యి ఛాతీ కాడ పెట్టి చూపించిండు,
మల్ల కొంచెం పైకి జరిపిండు, "పెరుగుతది గద" అనుకుంట.
ఆ జరిపిన రెండంగుళాలు నాకు మంచిగనిపించినయి.
గోడ మీద, నాయన కొలతల పక్కన, గీసుకున్న.

ఆయన ఫారం పెట్టుకునే అట్ట మూలకు ఇరిగి ఉండె.
అడగకుండనే గుంజుకొని, టేకు ముక్క ఒకటి అతికి,
గరుకు కాగితం రుద్ది ఇచ్చిన.
"ఎంత?" అన్నడు.
పదకొండుల రాసుకోండ్రి సార్.

బండి నాంపల్లి దిక్కు మలిగినంక చూసిన,
పెన్ను ఆ ప్లాస్టిక్ కుర్చీల మర్చిండు.
ఒక చెవి మీద నా పెన్సిలు ఉన్నది.
రెండో చెవి మీద దాన్ని పెట్టుకున్న.