కాస్త తలెత్తమ్మా

సాయంత్రం నాలుగున్నరకి
చీమకుర్తి కాటా గది కిటికీ అవతల
క్వారీ దుమ్ము మీద ఎండ ఏటవాలుగా పడింది.
నా చూపుడువేలు దానంతటదే వంగింది.
ముప్పై ఎనిమిది టన్నుల దగ్గర
లారీ డ్రైవరు పేచీ పెడుతున్నాడు,
నాలో ఎవడో మాత్రం
"ఎఫ్ ఎనిమిది, నూట పాతికో వంతు" అని గొణిగాడు.

పన్నెండేళ్ళయింది వాడి గొంతు విని.

పొదిలి బస్టాండు వెనక సందులో
మాలకొండయ్య స్టూడియో అంటే నేనే.
పరదా మీద కొలను, రెండు హంసలు,
మా తాలూకాలో ఎవరూ చూడనన్ని నీళ్ళు.
బోరింగు నీళ్ళు తాగి పసుపెక్కిన పళ్ళు
కనపడకుండా మూతి బిగించి
అందరూ ఆ నీళ్ళ ముందే ఫోటో దిగేవాళ్ళు.

మూసేశావేందబ్బా అంటే
సెల్‌ఫోన్లొచ్చినయ్ గదా అనేవాణ్ణి.
సగం నిజం.
మిగతా సగం పేరు రవణమ్మ.

పింఛను కాయితానికి ఫోటో కావాలని
కనిగిరి అవతల నుంచి ఆటోలో వచ్చింది.
ఎముకల నిండా ఫ్లోరైడు,
గడ్డం గుండెకి అతుక్కుపోయింది.
రోజుకి నలభైసార్లు అనే మాటే అన్నాను:
"కాస్త తలెత్తమ్మా."
ఎత్తబోయింది.
నిజంగానే ఎత్తబోయింది,
కణతల మీద నరాలు లేచినయ్.
"ఇంకాస్త" అన్నాను.
నేలకేసి నవ్వింది.
"ఆకాశం చూసి ఎనిమిదేళ్ళయింది నాయనా."

నడినెత్తీ పాపిడీ పడ్డాయి ఫోటోలో.
ముఖం లేదని ఆఫీసులో తిప్పి పంపారు.
మళ్ళీ వచ్చింది, మళ్ళీ తీశాను,
రేపు రా అన్నాను.
ఆ రీలు కడగలేదు.
ఆ రేపు ఇంకా రాలేదు.

రాత్రి బీరువా పైనుంచి యాషికా దించాను.
రెక్సిన్ తొడుగు చేతుల్లో పొట్టులా రాలింది.
లెన్సు లోపల బూజు, గోంగూరాకు ఈనెల్లాగా.
అంకె ఇరవైతొమ్మిది దగ్గరే ఆగి ఉంది.
"పాత సామాన్లోడు రెండొందలిస్తానన్నాడు,
ఎందుకో ఇయ్యబుద్ధి కాలా" అంది సుగుణ,
మంచం మీద నుంచి లేవకుండానే.

ఒంగోలు ట్రంకు రోడ్డులో
వాచీల ఖాజావలి రెండు రోజులు కూర్చుని తుడిచాడు.
"ఒక మచ్చ పోదన్నా."
"ఉండనీలే, నా కంట్లోనూ పొరొచ్చింది."

మిగిలినవి ఏడు.
మొదటిది మూత తియ్యకుండానే నొక్కాను.
రెండోది, నీళ్ళు కొట్టిన నల్లరాతి పలకలో
బంగారు చుక్కల నడుమ ఒక బట్టతల.
మూడోది ఒడిశా కుర్రాడు,
రెప్పల మీద రాతిపిండి.
పేరు చెప్పాడు, మిషను మోతలో వినపడలా.
తర్వాత మూడూ ఊరికే తీశాను,
ఏం తీశానో గుర్తులేనంత సంతోషంగా.

ఒక్కటి ఉంచుకుని రవణమ్మ ఊరెళ్ళాను.
లేదట. పోయి నాలుగేళ్ళట.
పింఛను మాత్రం వచ్చిందట.
"నేనే తీశాగా సెల్లులో" అన్నాడు మనవడు.
"ఎట్టా తీశావురా?"
నావంక విచిత్రంగా చూశాడు.
"ఎట్టా ఏముంది, కింద కూర్చోని."

మంచినీళ్ళ ప్లాంటు దగ్గర
బిందె పక్కన కర్రానుకుని మరో ముసలామె,
అదే వంపు.
అడిగాను, సరేనంది.
నేను ఎర్రమట్టిలో వెల్లకిలా పడుకున్నాను.
"పడ్డావా ఏంది నాయనా?" అని
నాకేసి పూర్తిగా చూసింది.
ముడతలూ, ముక్కుపుడకా, ఆ వెనకంతా
ఆమెకి కనపడని ఆకాశం.
నొక్కాను.

రీలు మద్రాసు పంపాను.
పాతది, పొగబారి ఉంటుంది, ఆశ పెట్టుకోకన్నారు.
ఇరవైతొమ్మిదోది వస్తే
ఎవరికివ్వాలో నాకు తెలీదు.

ఇప్పుడు కాటా మీదికి లారీ ఎక్కినప్పుడల్లా
అంకె చూసే ముందు
ఒకసారి వెలుతురు చూస్తున్నాను.
డ్రైవర్లు విసుక్కుంటున్నారు.