గవర్నర్ స్ప్రింగు

రెండు నెలల జీతం బదులు
జనరేటరు పట్టుకుపొమ్మన్నాడు లైట్ల కాంట్రాక్టరు ఏకాంబరం.
ఇప్పుడన్నీ బ్యాటరీ దీపాలే గదా పెంచలయ్యా,
పొగ లేదు, మోత లేదు అన్నాడు.
నువ్వూ అక్కర్లేదు అన్న మాట పైకి అనలేదు.
టీ ఇప్పించాడు.

పందొమ్మిదేళ్ళు దాన్ని తోపుడుబండి మీద పెట్టుకుని
ఊరేగింపుల తోక పట్టుకు నడిచాను,
పెరంబూరు, అయనావరం, ఓటేరి.
ముందు బాజా, తర్వాత గుర్రం,
అటూ ఇటూ నెత్తిన దీపాలు మోసే ఆడవాళ్ళు,
వాళ్ళనందరినీ కలిపే వైరు చివర, పొగలో, నేను.

కోయంబేడు పూలమార్కెట్లో మూటలెత్తే పని దొరికింది.
తెల్లారుజామున మూడింటికి వ్యాసర్పాడి నుంచి బస్సేదీ?
ఆటో ఛార్జీ కూలీని మింగుతోంది.
సైకిలు తొక్కనని మోకాలు మొండికేసింది.

అందుకని జనరేటరు విప్పాను.
చుట్టలో రాగి అమ్మితే పదకొండొందల ఇరవై.
అంతే పెట్టుబడి, అంతకు పైసా మించకూడదని ఒట్టు.
పుదుపేటలో మోకాటెత్తు నట్ల గుట్టలో
పూటంతా దేవి ఒక రోలరు, రెండు బేరింగులు తెచ్చాను.
నాగరత్నం అటక మీంచి పాత గ్రైండరు దింపింది.
రాయి అరిగింది, మోటారు కాలింది,
బెల్టుకి మాత్రం ఏ రోగమూ లేదు అంది.
వెల్డింగు జైలాబ్దీన్ అద్దం పైకెత్తి
సైకిలుకి గుండె పెడుతున్నావా
గుండెపోటు పెడుతున్నావా అని నవ్వి
నూట యాభై అడిగి, నూరు తీసుకున్నాడు.

మొదటిసారి గణేశపురం సబ్‌వే దిగి, ఎక్కి,
అవతల జనం కనబడి బ్రేకు పట్టాను.
పట్టేకొద్దీ అది ఇంకా గట్టిగా లాగింది.
బెల్టు వదిలే లీవరు చేతికందే లోపల
లేతకొబ్బరికాయల గుట్టలో ఉన్నాం, నేనూ సైకిలూ.
పగిలినవి నాలుగు.
డబ్బు కట్టి, నీళ్ళు నేనే తాగాను.

రాత్రి లాంతరు పక్కన కూచుని చూస్తే తెలిసింది.
దాని తప్పేం లేదు.
బరువు పడితే ఇంకాస్త పెట్రోలు తాగు,
దీపం మాత్రం వాలనివ్వకు అని
దానికి చెప్పే స్ప్రింగొకటుంది, వేలెడైనా లేదు.
నా బ్రేకుని అది
ఇంకో పెళ్ళివారి దీపం అనుకుంది పాపం.
నాలోనూ అట్లాంటిదొకటి ఉందేమో,
నాగరత్నాన్ని అడిగితే చెబుతుంది.
అడగలేదు.
స్ప్రింగు ఊడదీసి, దాని చోట
పాత మోపెడ్ కేబులు కట్టి మణికట్టు కిందికి తెచ్చాను.
మెల్లగా పోవడం దానికి నేర్పడానికి
ఐదు రాత్రులు పట్టింది.

ఓటేరి మూల పోలీసు ఆపాడొకసారి.
ఎన్నప్పా ఇదు?
సైకిలే సార్.
సైకిలెందుకు పొగ తాగుతోంది?
చెడు సావాసం సార్, అన్నాను.
మూడింటికి ఎవరికి మాత్రం కేసు రాసే ఓపికుంటుంది?

ఆవణి ముహూర్తాల వారం.
పూలు దండిగా దిగుతున్నాయి, రాత్రి పదింటికే రమ్మన్నారు.
అయనావరం దగ్గర ఎదురుగా దీపాలు, తెల్లగా,
వైర్లు లేకుండా, ఎవరి దీపం వాళ్ళదే.
చివర ఎవరూ లేరు.
నేనుండే చోట ఒక కుక్క నడుస్తోంది.

గుర్రం బెదురుతుందని ఇంజను ఆపేశాను.
మోకాలు తిట్టింది. తిట్టనీ.
గోడవారగా తొక్కుకుంటూ, ఆడవాళ్ళని దాటి,
గుర్రాన్ని దాటి, వెనక్కి తిరిగి చూశాను.
ఎన్ని వందల మంది పెళ్ళికొడుకుల వీపులో
నాకు తెలుసు. మొహం ఇదే మొదలు.

కుర్రాడు
దండల సందులోంచి
నోరంతా తెరిచి ఆవులిస్తున్నాడు.