పెన్నా అనే ఓడ

మడివాళలో మా పీజీ, మూడో అంతస్తు.
ఒక గదిని రెండు చేసిన ప్లైవుడ్డు చెక్క.
అటు దస్తగిరి దగ్గితే
ఇటు నా గ్లాసులో నీళ్లు కదులుతాయి.

రాత్రి పదకొండు దాటాక
నేను మిడతల దండులో మనిషిని.
నాలుగు వేలమందిమి, ముఖాలు తెలియవు.
ఒకడిది క్రొయేషియా అంటాడు, ఒకడిది కోయంబత్తూరు.
మా పెద్దది మాత్రం ఉత్త గొంతే, ఏ ఊరిదో అంతుపట్టదు.
ఆ గొంతు ఎప్పుడూ ఒకటే అంటుంది:
"ఆట ఆపనిది తప్పెలా అవుతుంది?"

చుక్కల మధ్య ఇరుకు దారుల్లో కాపు కాస్తాం.
కొత్తగా వచ్చినవాణ్ణి సుంకం అడుగుతాం,
కట్టినా పేల్చేస్తాం.
రూపాయి పంపితే రెండు చేస్తామంటాం,
మొదటిసారి నిజంగానే చేస్తాం.
జనం తిట్టిన తిట్లన్నీ ఏరి
మా గుమ్మానికి తోరణం కట్టుకున్నాం.

నేను తుపాకీ వైపు కాదు, చిట్టా వైపు.
పగలు కోరమంగళలో కూడా అదే పని,
ఎవరెవరికి అప్పు పుట్టకూడదో
ఒక పట్టీలో నింపుతాను.

ఆ గురువారం మనుషులు తక్కువయ్యారని
నన్నూ కాపుకి పిలిచారు.
సిల్క్ బోర్డు దగ్గర రెండు గంటలు వానలో నానొచ్చి
తడి మేజోళ్లు కిటికీకి ఆరేసి కూర్చున్నాను.
ఒక సరుకు ఓడ వస్తోంది,
నెలలు నిండిన గేదెలా, ఒంటరిగా, మెల్లగా.
పేరు చూశాను. పెన్నా.

ఎనిమిది నెలలు రాళ్లు తవ్వితే గాని రాని ఓడ అది,
చిట్టా రాసేవాడికి ఆ మాత్రం తెలుస్తుంది.
నీళ్లు లేని ఏటి పేరు ఓడకి పెట్టుకున్నవాడు
ఏ వైపువాడో కూడా తెలుస్తుంది.
వేలు ఆగిందని రాయాలనుంది.
ఆగలేదు.

తెర మీద తెల్లగా ఒక పువ్వు విచ్చుకుంది.
ఒక చెవి మీంచి హెడ్‌ఫోను జారింది కాబట్టి
చప్పుడు చెక్క అవతలినుంచి విన్నాను.
కేక కాదు, తిట్టూ కాదు.
వేడి గిన్నె పట్టుకుని వదిలేసినప్పుడు
పళ్ల మధ్యనుంచి వచ్చే "స్స్".
కుర్చీ జరిగింది.
తర్వాత చాలాసేపు ఫ్యాను.
నా రెండో చెవిలో దండు ఇంకా నవ్వుతూనే ఉంది.

పొద్దున కొళాయి దగ్గర
"ట్యాంకరొచ్చిందా అన్నా?" అన్నాడు.
కళ్లు ఎర్రగా ఉన్నాయి.
రాలేదని చెప్పి నా బక్కెట్లోంచి రెండు చెంబులు పోశాను.

ఆ రాత్రి నా వాటా, పైన ఇంకో రెండు వాటాలు కలిపి
పెన్నా నడిపినవాడి పేరుకి పంపాను.
ఇది నీదే, తీసుకో, అని రాశాను.
చెక్క అవతల మీటలు టకటకమన్నాయి.
"మీ రెట్టింపు కతలు మాకు తెలుసులే. ఎత్తుకోని పో."
పైసా తగ్గకుండా తిరిగొచ్చింది.
అబద్ధాన్ని ఎంత గట్టిగా కట్టామంటే
నిజం బయటికి రావడానికి ఒక్క వాకిలీ వదల్లేదు.

చెక్క తట్టొచ్చు. రెండు వేళ్లు చాలు.
తట్టలేదు.
ఇడ్లీ తెచ్చిన రోజు ఒక పొట్లం ఎక్కువ కట్టించాను, అంతే.
చట్నీ బాగుందన్నాడు.

నెల తిరిగింది.
దండులో చేరతామన్నవాళ్ల అర్జీలు నా వంతుకొచ్చాయి.
ఏడోది అతనిది.
ఎందుకు చేరాలనుకుంటున్నావు అన్న గడిలో ఒకటే ముక్క:
"మీకు ఎదురొచ్చి చూసినా. ఈసారి మీ ఎనకాల వస్తా."
ఓడ పేరు రాయాల్సిన గడి
ఖాళీగా వదిలేశాడు.

ఔనుకీ కాదుకీ మధ్య నా వేలు.
చెక్క అవతల అతను నీళ్లు తాగుతున్నాడు.
గుటకలు లెక్కపెడుతున్నాను.