బీప్ తరవాత

తెల్లారి ఏడింటికి ఫోను మోగింది.
మోచేతుల దాకా ఐసు నీళ్లు,
ఎడమ చేతిలో తల తుంచిన రొయ్య,
కుడి చేతిలో దాని నల్ల నరం సగం.
రాహేలు నా జాకెట్టులోంచి ఫోను తీసి
తట్ట అంచున నిలబెట్టింది.

ఎవరో ఆడమనిషి. ముందే రికార్డు చేసిన మర్యాద.
"మన పార్టీ అభ్యర్థిగా ఎవరిని కోరుకుంటున్నారు?
వేగిరౌతు భానోజీరావు గారైతే ఒకటి నొక్కండి.
డాక్టరు సుగుణాకరం గారైతే రెండు నొక్కండి.
ఎవరూ కాకపోతే మూడు."

భానోజీరావంటే ఐసు ఫ్యాక్టరీ.
ఈ చేతుల్ని తిమ్మిరెక్కించే ఐసు ఆయనదే.
సుగుణాకరమంటే ఆ చేతులకి పూతమందు రాసిచ్చి
ఫీజు సగమే పుచ్చుకున్నాయన.
మిగతా సగం మందుల షాపులో లాగాడంటుంది రాహేలు.

రెండు నొక్కుదామని వేలు ఆన్చాను.
ఫోను పలకలేదు.
నా వేలు దానికి వేలు కాదు.
రేషను మిషనుకీ కాదు.
ఆధారు దగ్గర కుర్రాడు నాలుగుసార్లు తుడిచి చూసి
"ముద్ర అరిగిపోయిందమ్మా" అన్నాడు,
చెప్పు అడుగు సంగతి చెప్పినట్టు.

సరేనని ముక్కుతో నొక్కాను.
"మీరు ఒకటి నొక్కారు. ధన్యవాదాలు."
బీప్.

ఆ వారమంతా షెడ్డులో ఇదే తంతు.
నూట నలభై మందిమి,
బల్లల మీదికి వంగి ఒక్కొక్కరే మొహం ఆన్చి.
"ఏంటే, ఫోన్లకి ముద్దులు పెడతన్నారా?"
అన్నాడు సూపర్‌వైజరు తమ్మియ్య.
"ఎమ్మెల్యేని ఏరుతన్నామండి, ఆయ్" అంది రాహేలు.

టికెట్టు భానోజీరావుకొచ్చింది.
సర్వేలో జనం ఆయన్నే కోరారని టీవీలో స్క్రోలింగు.
చించినాడ వంతెన మీద టపాకాయలు.
నేను చెంగుతో ముక్కు తుడుచుకున్నాను.

డాక్టరు మూడు రోజులు తలుపేసుకుని
నాలుగో రోజు బీరువా గుర్తుతో బయటికొచ్చాడు.
అవతలి పార్టీలోనూ అంతే.
బావకిస్తే బావమరిది అలిగాడు,
ఫ్లెక్సీల్లో బావ మొహం మీద బురద.

మాకు కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలని.
కౌంటు తగ్గితే ధర పెరుగుతుంది.
నూరు కౌంటు మొహం ఎవడు చూస్తాడు,
ముప్పై కౌంటైతే లారీలు గట్టు మీదే పడుకుంటాయి.
పోయినసారి ఇక్కడ మెజారిటీ అరవై ఒకటి.
అందుకే మా లంకకి ఇంతమంది పంటెక్కి వచ్చారు,
చెప్పులు చేత పట్టుకుని, పంచె ఎగగట్టి, ఒండ్రులో దిగబడుతూ,
గట్టు తెగిన రాత్రి రానివాళ్లు కూడా.
గడప గడపకీ ఓ కవరు. లోపలెంతో అడక్కండి.
పక్కింటికి ఎక్కువిచ్చారని
మంగతాయారు రెండు పూటలు అన్నం మానేసింది.

పోలింగు రోజు షెడ్డుకి సెలవు.
పొయ్యి దగ్గర కూచుని వేళ్లు కాచుకున్నాను,
పెళ్లికెళ్తున్నట్టు కొబ్బరినూనె రాసుకున్నాను.
బడిలో, సిరా పుల్ల పట్టుకున్న కుర్రాడు ఆగాడు.
"గోరేదమ్మా?"
మిగిలినంత మీదే పెట్టాడు.

అట్ట చాటున నీలం బొత్తాం.
తల వంచక్కర్లేదు.
వేలితోనే, మొదటిసారికే పలికింది,
బయట క్యూలో ఉన్న రాహేలుకి వినపడేంత పొడుగ్గా.

ఎవరికేశానో దానిక్కూడా చెప్పలేదు.

కౌంటింగు రోజు లోడు బాగా దిగింది, నలభై కౌంటు.
తమ్మియ్య ఫోన్లో చూస్తూ రౌండు రౌండుకీ అంకెలు చదువుతున్నాడు.
పదిహేనో రౌండుకి తేడా పంతొమ్మిది,
ఎవరికో వినిపించలేదు, ఐసు పారలు మోగుతున్నాయి.
సిరా ఇంకా గోరు మొదట్లోనే ఉంది.
రొయ్య వీపు చీల్చి నరం లాగాను.
రెండూ ఒకే నలుపు.

"చేతులాపకండి" అన్నాడు తమ్మియ్య,
ఫోన్లోంచి తలెత్తకుండా.